రాత్రికి అన్నమా, చపాతీనా, జొన్న రొట్టెనా, కొర్రలా?

హైదరాబాద్‌లో ఇంట్లో ఎవరికైనా షుగర్ బోర్డర్‌లో ఉందని తేలితే మొదటి వేటు రాత్రి అన్నం మీద పడుతుంది. పొద్దున ఇడ్లీ, దోశ మానడానికి ఎవరికీ మనసొప్పదు. మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్‌లో ఏది దొరికితే అది. ఇక మన చేతిలో మిగిలేది రాత్రి భోజనం ఒక్కటే. అందుకే అమీర్‌పేట హాస్టళ్ల నుంచి నల్లకుంట పాత ఇళ్ల దాకా "రాత్రిళ్లు అన్నం మానేశానండీ" అనే మాట వినబడుతూనే ఉంటుంది. మానేసి ఏం తింటున్నారని అడిగితే కొందరు చపాతీ అంటారు, కొందరు జొన్న రొట్టె అంటారు. వాట్సాప్‌లో వీడియోలు చూసేవాళ్లు కొర్రలు, సామలు అంటారు. అన్నం మానలేనివాళ్లు 'షుగర్ ఫ్రీ బియ్యం' అంటూ బస్తా మార్చుకుంటారు.

వీటిలో ఏది మంచిదని నన్నడిగితే నేను ముందు ఇంకో సంగతి అడుగుతాను. సాయంత్రం మీ వంటింట్లో ఎంత టైమ్ ఉంటుంది? ఉన్న ముప్పావుగంటా రొట్టెలకో చపాతీలకో పోతే కూర చేసే ఓపిక మిగలదు. అప్పుడు ఫ్రిజ్‌లోని ఆవకాయ, లేదంటే సందు చివర కర్రీ పాయింట్. కూరా పప్పూ సరిగ్గా లేని కంచంలో ఏ ధాన్యం ఉన్నా పెద్దగా ఒరిగేదేమీ లేదు.

ముందు అంకెలు

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) 2017లో మన ఆహార పదార్థాల పోషక విలువలతో పట్టికలు వేసింది. వాటి ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో 356 కేలరీలు, గోధుమ పిండిలో 320, జొన్నల్లో 334 ఉంటాయి. అంటే అన్నం మానేసి అంతే బరువు గోధుమ పిండి తింటే తగ్గేది పదో వంతు. దీనికోసం ఇంట్లో ఇంత గొడవ అక్కర్లేదు.

అసలు తేడా పీచు దగ్గర ఉంది. బియ్యంలో మూడు గ్రాముల లోపే. గోధుమ పిండిలో 11 గ్రాములు, జొన్నల్లో 10 గ్రాములు. ప్రోటీన్ కూడా బియ్యంలో 8 గ్రాములైతే మిగతా రెండింట్లో 10 దాకా ఉంటుంది. పీచు ఎక్కువుంటే అరుగుదల నెమ్మదిస్తుంది, కడుపు నిండినట్టు ఉంటుంది. జొన్నకు గానీ గోధుమకు గానీ ఓటు వేయడానికి ఇది సరైన కారణమే. అయితే ఒక కప్పు పప్పు, గిన్నెడు బీరకాయ కూర కలిస్తే ఆ పీచు లోటు అన్నం కంచంలోనూ చాలావరకు పూడిపోతుంది.

అదే సంస్థ 2024లో ఆహార మార్గదర్శకాలను కొత్తగా విడుదల చేసింది. రోజుకు 2,000 కేలరీలు కావలసిన మనిషికి ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, నూనె 27 గ్రాములు (గింజల్లాంటివి వేరే) అని లెక్క చెప్పింది. ఈ 250 గ్రాముల్లోనే పొద్దున తిన్న ఇడ్లీల బియ్యం కూడా ఉంది. అది తీసేస్తే మధ్యాహ్నానికీ రాత్రికీ తలా 80, 90 గ్రాములు మిగులుతాయి. వండకముందు తూకం ఇది.

రైస్ కుక్కర్‌తో పాటు వచ్చే చిన్న కప్పు 180 మిల్లీలీటర్లది, అందులో దాదాపు 150 గ్రాముల బియ్యం పడతాయి. కాబట్టి ఇద్దరికి ఒక కప్పు చాలు. మనిషికో కప్పు పోసే ఇళ్లు నాకు తెలిసి చాలా ఉన్నాయి.

ఇంకో లెక్క కూడా చూసుకోండి. ఇప్పుడు బియ్యం బస్తా 26 కిలోలు. (25 కిలోల వరకు ప్యాక్ చేసిన ధాన్యాలకు 2022లో జీఎస్టీ వేస్తే మిల్లులవాళ్లు ఇంకో కిలో కలిపేశారు. ఆ తెలివికి మెచ్చుకోవాలి.) నలుగురు పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో ధాన్యం మొత్తం బియ్యమే అనుకున్నా ఈ లెక్కన బస్తా 26 రోజులు రావాలి. మధ్యలో చపాతీలు కూడా తింటూ బస్తా అంతకంటే ముందే అయిపోతుంటే మీరు మార్చాల్సింది బియ్యం రకం కాదు.

అన్నంతో వచ్చే చిక్కు

అన్నం మీద నాకు కోపం లేదు. అది తినే పద్ధతిలోనే చిక్కంతా. పప్పులోకి కాస్త, కూరలోకి కాస్త, చారులోకి కాస్త, చివర పెరుగులోకి కాస్త. నాలుగు కాస్తలు కలిస్తే కొండ. పైగా చారు, పెరుగు అన్నంలో నమలాల్సిన పని కూడా లేదు, జర్రున జారిపోతుంది. రొట్టె తిన్నప్పుడు ఈ వాయిలు ఉండవు. ఒకటే కూర, ఒకటే కూర్చోవడం. చపాతీకి మారగానే రెండు కిలోలు తగ్గామని చెప్పేవాళ్లలో చాలామంది విషయంలో పనిచేసింది గోధుమ కాదు, వాయిలు తగ్గడమే అని నా అనుమానం.

అందుకే అన్నం వదలలేని వాళ్లకు వాయిలు తగ్గించమనే చెప్తాను. రాత్రికి పప్పన్నం, పెరుగన్నం రెండే. చారు ఉంటే గ్లాసులో పోసుకుని తాగండి, ఎలాగూ మిరియాల చారు అలా తాగితేనే రుచి. ముందు కూర, పప్పు సగం తిని ఆ తర్వాత అన్నంలో చెయ్యి పెడితే రక్తంలో చక్కెర పెరిగే వేగం కొంత తగ్గుతుందని పరిశోధనల్లో కూడా తేలింది. కూర ఉత్తగా తినడం మనకు అలవాటు లేదు కాబట్టి మొదట్లో ఉప్పూ కారం ఎక్కువనిపిస్తుంది. నిజంగానే ఎక్కువ వేస్తున్నాం, అన్నంలో కలిస్తే తెలియదు గనక.

ఇక 'షుగర్ ఫ్రీ బియ్యం' సంగతి. దుకాణాల్లో ఈ పేరుతో అమ్మేది ఎక్కువగా ఆర్ఎన్ఆర్ 15048 రకం, తెలంగాణ సోనా అంటారు. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం 2015లో విడుదల చేసిన సన్నబియ్యం. పరీక్షల్లో దీని గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నాక రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకె, 51 దాకా వచ్చింది. 55 లోపు ఉంటే తక్కువ కింద లెక్క, మామూలు సన్నబియ్యాల్లో చాలావాటికి ఇంతకంటే బాగా ఎక్కువ ఉంటుంది. కాబట్టి రోజూ అన్నం తినే ఇల్లయితే ఇది నిజంగా పనికొచ్చే మార్పు. వండే తీరు మారదు, పిల్లలు గుర్తుపట్టరు, అత్తగారు పేచీ పెట్టరు. కానీ ఇందులోనూ పిండిపదార్థం ఉంది, కేలరీలు ఉన్నాయి. షుగర్ ఫ్రీ కదా అని ఇంకో వాయి వడ్డించుకుంటే లాభమంతా అక్కడే పోతుంది. విడిగా అమ్మే బియ్యంలో ఏది ఆర్ఎన్ఆర్ అన్నది కంటితో తేల్చడం మనలాంటి వాళ్ల వల్ల కాదు, నమ్మకమైన చోటే కొనండి.

దంపుడు బియ్యం మంచివే. నానబెట్టాలి, ఎక్కువసేపు ఉడకాలి, నమలాలి. మొదలుపెట్టిన ఉత్సాహం నిలబడే ఇళ్లు తక్కువ.

చపాతీ

చపాతీకి ఉన్న పెద్ద సుగుణం లెక్క తెలియడం. ఒక్కో పుల్కాకు 30 గ్రాముల పిండి పడుతుంది, మూడు తింటే 90 గ్రాములు. పైన చెప్పిన కొలతకు అక్కడికక్కడే సరిపోయింది. అన్నం ఎంత తిన్నామో ఎవరికీ గుర్తుండదు, చపాతీలు ఎన్ని తిన్నామో అందరికీ గుర్తుంటుంది.

నూనెతో వస్తుంది తంటా. ఒక్కో చపాతీకి టీస్పూను నూనె అంటే 45 కేలరీలు, మూడింటికి 135. అన్నం నుంచి చపాతీకి మారి మిగిల్చుకున్నది పోగా ఎదురు పెట్టుబడి. పుల్కా అయితేనే చపాతీకి మారడంలో అర్థం ఉంది. నలుగురున్న ఇంట్లో మనిషికి 27 గ్రాముల చొప్పున నెలకు మూడున్నర లీటర్ల నూనె దాటకూడదు. అన్ని వంటలకూ కలిపి. మీ ఇంట్లో ఎన్ని ప్యాకెట్లు అవుతున్నాయో నెలాఖరున ఒకసారి లెక్కపెట్టండి.

బయట కొనే రుమాలీ రోటీ, నాన్ మైదాతో చేస్తారు, అవి చపాతీ ఖాతాలోకి రావు. పాతబస్తీలో నిహారీతో చార్ కోని నాన్ తినేది ఆరోగ్యం కోసం కాదు కాబట్టి దాని జోలికి వెళ్లను. సూపర్ మార్కెట్లో దొరికే సగం కాల్చిన చపాతీల ప్యాకెట్ మీద ముందు పదార్థాల పేర్లు చదవండి. ఎక్కువ వేసింది మొదట రాయాలని నియమం. మొదటి పేరు మైదా అయితే ప్యాకెట్ వెనక్కి పెట్టేయండి.

ఇంకొక మాట. రెండు చపాతీలు తిని, "చివర్లో కాస్త పెరుగన్నం లేకపోతే భోజనం చేసినట్టుండదు" అనేవాళ్లు మన తెలుగువాళ్లలో సగం మంది. అలాంటివాళ్లు చపాతీ ఒకటికి దించాలి, లేదా పెరుగు ఉత్తదే తినాలి. ఆకలి తీరాక తినే పెరుగన్నాన్ని ఎవరూ లెక్కలో వేసుకోరు.

జొన్న రొట్టె

నా మొగ్గు దీనివైపే. అయితే ఒక షరతు మీద: రొట్టె బయట కొనండి, కూర ఇంట్లో చేసుకోండి.

హైదరాబాద్‌లో ఈ పని చాలా తేలిక. సాయంత్రం అయ్యేసరికి కాలనీల రోడ్ల మీద పొయ్యి పెట్టుకుని ఆడవాళ్లు జొన్న రొట్టెలు తడుతూ కనిపిస్తారు. కళ్లముందే చేస్తారు. పిండి, వేడినీళ్లు తప్ప అందులో కలిపేది ఏమీ ఉండదు. కొందరు ఉప్పు కూడా వేయరు. నూనె దాచడానికి చోటే లేని వంటకం ఇది. ఇంట్లో మొత్తం చేసుకునే ఓపిక లేక బయట ఏదో ఒకటి కొనక తప్పనప్పుడు కొనాల్సింది రొట్టె. మనం మాత్రం ఉల్టా చేస్తాం. కుక్కర్‌లో అన్నం పడేసి కర్రీ పాయింట్ నుంచి కూరలు తెస్తాం. ఏ నూనె, ఎంత నూనె, ఎంత ఉప్పు అన్నది తెలియనిది కూరలోనే. బంగాళాదుంప వేపుడు కవరులో అడుగున చేరిన నూనె చూస్తే తెలిసిపోతుంది.

ఇంట్లో జొన్న రొట్టె చేయడం చేతనైనవాళ్లకు పది నిమిషాల పని, చేతకానివాళ్లకు ఒక సాయంత్రం. జొన్నలో గోధుమలో ఉన్న జిగురు ఉండదు, అందుకే మరిగిన నీళ్లు పోసి కలపాలి, కలిపిన వెంటనే అరచేత్తో బాగా మర్దించాలి, చేతులతో తట్టాలి, పెనం మీద వేశాక పైన నీళ్లు తడపాలి. అంచులు పగిలిపోతున్నాయంటే తప్పు చాలాసార్లు మీది కాదు, పిండిది. పాతబడిన పిండి అతుక్కోదు, చేదెక్కుతుంది. రైతుబజార్‌లోనో బేగంబజార్‌లోనో జొన్నలు కొని, రెండు వారాలకు సరిపడా మాత్రమే గిర్నీలో పట్టించుకోండి. పచ్చ జొన్నలా తెల్ల జొన్నలా అన్నదానికి రుచే ప్రమాణం. రొట్టె కుదరనివాళ్లు జొన్న రవ్వతో గటక వండుకోవచ్చు, కుక్కర్ మూత పెట్టడమే పని. పిండి ఎంత మెత్తగా ఉంటే అంత త్వరగా అరుగుతుంది కాబట్టి షుగర్ ఉన్నవాళ్లకు రవ్వే ఒక రకంగా మేలు. చల్లపోసుకుని తింటే ఎండాకాలం దీనికి సాటి లేదు.

పరిమాణం దగ్గర మాత్రం మోసపోవద్దు. ఒక్కో జొన్న రొట్టెకు 50, 60 గ్రాముల పిండి పడుతుంది. రోడ్డు మీద చేసేవి ఇంకా పెద్దవి. రెండు తింటే మీరు మానేసిన అన్నం కంటే ఎక్కువే తిన్నట్టు. ఒకటిన్నర రొట్టె, గిన్నె నిండా గంగవాయిలి కూర పప్పో పుంటికూర పప్పో ఉంటే మామూలు మనిషికి సరిపోతుంది. ఎల్లిపాయ కారం నంజుకుంటే అద్భుతంగా ఉంటుంది, కానీ కూరకు బదులు అదే పెట్టుకుంటే మళ్లీ ఉత్త పిండి తిన్నట్టే అవుతుంది.

పళ్లు లేని పెద్దవాళ్లకు పాలలోనో పప్పులోనో నానబెట్టి పెట్టండి. తెలంగాణ పల్లెల్లో ఎప్పటినుంచో ఉన్న అలవాటే.

సజ్జ రొట్టె చలికాలానికి బావుంటుంది, ఐరన్ కూడా ఎక్కువ. థైరాయిడ్ ఉన్నవాళ్లు రోజూ తినాలనుకుంటే మాత్రం డాక్టర్‌ను అడిగి మొదలుపెట్టాలి, అయోడిన్‌ను థైరాయిడ్ వాడుకోవడానికి అడ్డుపడే పదార్థాలు సజ్జల్లో ఉంటాయి.

కొర్రలు, సామలు, మిగతా సిరిధాన్యాలు

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక వీటికి ఊపు వచ్చింది. చిరుధాన్యాల మీద పనిచేసే జాతీయ పరిశోధన సంస్థ మన రాజేంద్రనగర్‌లోనే ఉంది. ధాన్యాలు మంచివే, సందేహం లేదు. కానీ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇది నా మొదటి సలహా కాదు. పొద్దున ఆఫీసుకు వెళ్లేముందే నానబెట్టాలి. మరిచిపోతే ఆ రాత్రికి లేనట్టే. ధర చాలాచోట్ల మంచి సన్నబియ్యానికి దాదాపు రెట్టింపు. చల్లారితే బిరుసెక్కి గొంతుకు అడ్డం పడతాయి. కప్పుకు రెండున్నర నుంచి మూడు కప్పుల నీళ్లు పోసి, వేడిగా ఉన్నప్పుడే తినేయాలి. పెరుగన్నంలా కలుపుకుంటే, లేదా కిచిడీలా పెసరపప్పుతో వండితే పిల్లలు కూడా తింటారు. మొదట సగం బియ్యం, సగం నానిన కొర్రలు కలిపి వండి చూడండి.

కొనేటప్పుడు రంగు చూడాలి. కొర్రలు పసుపుగా ఉండాలి, పాలిపోయి ఉంటే పాలిష్ పట్టినవి, పీచు పోయినట్టే. పాలిష్ పట్టనివి త్వరగా ముక్కిపోతాయి కాబట్టి కిలో, రెండు కిలోలకు మించి కొనొద్దు. ఇక మిల్లెట్ బిస్కెట్లు, మిల్లెట్ నూడుల్స్ అనేవాటికి చపాతీ ప్యాకెట్‌కు చెప్పిన సూత్రమే వర్తిస్తుంది.

రాగి గురించి వేరుగా చెప్పాలి. 100 గ్రాముల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది, పాలకంటే మూడు రెట్లు. ఎదిగే పిల్లలకు, ఆడవాళ్లకు మంచిది. కానీ షుగర్ ఉన్నవాళ్లు రాత్రి భోజనం మానేసి పల్చటి రాగి జావ తాగడం నాకు అర్థం కాదు. మెత్తటి పిండిని ఉడికించి తాగితే చక్కెర వేగంగానే పెరుగుతుంది, అందులో బెల్లం వేస్తే చెప్పక్కర్లేదు. సంకటి ముద్ద చేసుకుని ఆకుకూరతోనో నాటుకోడి పులుసుతోనో తినడం ఇంతకంటే నయం.

ఎవరికి ఏది

ఇద్దరూ ఉద్యోగాలు చేసి ఎనిమిదికి ఇంటికి చేరే జంటకు బయట కొన్న జొన్న రొట్టెలు, ఇంట్లో కుక్కర్ పప్పు. పాలకూరో చుక్కకూరో కడిగి కందిపప్పుతో పెట్టేస్తే మూడు విజిల్స్. బట్టలు మార్చుకునేలోపు అయిపోతుంది.

అత్తమామలు, పిల్లలు అందరూ ఉన్న ఇంట్లో ఒక్కరి కోసం విడిగా వండటం రెండు వారాల ముచ్చట. అక్కడ అందరి బియ్యం ఆర్ఎన్ఆర్‌కు మార్చి, కుక్కర్‌లో ఒక కప్పు తగ్గించి, కూర రెట్టింపు చేయడమే నిలబడే మార్పు. పెరిగే పిల్లల అన్నం కోయొద్దు, వాళ్లకు ఈ లెక్కలు పనికిరావు.

హాస్టల్లో ఉండేవాళ్లకు ధాన్యం ఎంచుకునే స్వేచ్ఛ లేదు. రెండు ఉడికించిన గుడ్లు, ఒక కీరదోస, గుప్పెడు పల్లీలు పక్కన చేర్చుకుంటే అదే అన్నం, అదే నీళ్ల సాంబారు కొంచెం దారికొస్తాయి.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు వీటిలో దేనికీ తమంతట తాము మారకూడదు. ముడి ధాన్యాల్లో, చిరుధాన్యాల్లో ఫాస్ఫరస్, పొటాషియం తెల్ల బియ్యంలో కంటే ఎక్కువ. వాళ్లకు డాక్టర్ తెల్ల అన్నమే తినమనవచ్చు. ఇన్సులిన్ గానీ షుగర్ మాత్రలు గానీ వాడేవాళ్లు ఒక్కసారిగా అన్నం సగానికి కోస్తే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది, డోసు గురించి ముందే మాట్లాడాలి. మిగతావాళ్లు కూడా పీచు నెమ్మదిగా పెంచి నీళ్లు ఎక్కువ తాగాలి. లేకపోతే మొదటి వారం కడుపుబ్బరంతోనే జొన్న మీద విరక్తి పుడుతుంది.

ఇంత చదివినా తేలకపోతే గ్లూకోమీటర్‌తో మీ ఒంటినే అడగొచ్చు. ఒకే కూర, ఒకే పరిమాణం, ఒకే టైమ్ పెట్టుకుని ఒక రాత్రి 80 గ్రాముల బియ్యంతో అన్నం, ఇంకో రాత్రి మూడు పుల్కాలు, మరో రాత్రి ఒకటిన్నర జొన్న రొట్టె తినండి. భోజనానికి ముందు ఒకసారి, మొదటి ముద్ద తిన్నప్పటి నుంచి రెండు గంటలకు ఒకసారి చూసి రాసుకోండి. మందులు వాడే షుగర్ రోగులకు ఆ రెండో అంకె 180 లోపు ఉండాలని సాధారణంగా చెప్తారు, మీ వరకు ఎంతన్నది మీ డాక్టర్ చెప్పాలి. ఒక్కోదాన్నీ రెండుసార్లు చూస్తే నమ్మకం కుదురుతుంది, ఆ రోజు టెన్షన్, నడక, నిద్ర కూడా అంకెను అటూ ఇటూ చేస్తాయి మరి. పెళ్లి భోజనం చేసి వచ్చిన రోజు ఈ పరీక్ష పెట్టుకోకండి.